ఒక సభకు ఏడు పేర్లు

హల్‌బేరా ఇండ్రిదదోత్తిర్‌కు కోపం వస్తే ముందుగా కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. మాట ఆ తర్వాతే. లింగ్‌విక్ పురపాలక కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా ఆమె పక్కన పనిచేస్తున్నవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఫిబ్రవరిలో ఆ బుధవారం ఉదయం కళ్ళజోడు బల్లకు తగిలిన చప్పుడు వినగానే, ఎదుటి గదిలోని గుమాస్తాలిద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని వంటగదిలోకి తప్పుకున్నారు.

ఆమె ముందున్నది మునుపటి సాయంత్రం జరిగిన సభ తాలూకు మినిట్స్. భాష సరిదిద్ది ఊరి పేజీలో పెట్టడం ఆమె పని. అందులో ఇలా ఉంది: “కాల్డెయ్‌రి ఈతకొలనును ఇకపై ఏటా శీతకాలమంతా మూసివేయు ప్రతిపాదనపై అభిప్రాయ సేకరణ జరిగినది. కాల్డెయ్‌రి నుండి ఎవరూ హాజరు కాలేదు. అభ్యంతరములు లేవు. వచ్చే మంగళవారము ఓటు.”

భాషలో తప్పేమీ లేదు. విషయమే పచ్చి అబద్ధం. కాల్డెయ్‌రిలో ఉన్నదే నలభై ఒక్క మంది. గాలి ఏ దిక్కునుంచి వీస్తోందన్న దానిమీద కూడా పంతం పట్టి వాదులాడుకునే జనం వాళ్ళు. తమ కొలను మూసేస్తామంటే నోరు మెదపకుండా ఊరుకున్నారంటే ఎవరు నమ్ముతారు? హల్‌బేరా అసలే నమ్మదు. ఆమె పుట్టింది ఆ ఊళ్ళోనే.

ఐస్‌లాండ్ పడమటి తీరంలో, లింగ్‌విక్‌కు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దూరాన, కనుమకు అవతల ఉంటుంది ఆ ఊరు. మంచు కురిసిన రోజున కనుమ దారి మూతపడుతుంది. అక్కడ మంచు కురవని వారమంటూ ఉండదు. హల్‌బేరా తాత తమ్ముడు ఒడ్డుకు నలభై బారల దూరంలో, చూస్తున్నవాళ్ళ కళ్ళ ముందే మునిగిపోయాడు. పడవ మీద తెల్లవారి పడవ మీద పొద్దుగూకే మనిషికి ఈత రాదు. అప్పట్లో ఊళ్ళో ఎవరికీ రాదు. ఆ మరుసటి వేసవిలో ఆడా మగా పారలు పట్టి, కొండ కింద ఉబికే వేడినీటి ఊటను గొట్టాల్లో మళ్ళించి, తామే కొలను తవ్వుకున్నారు. ఆనాటినుంచి ఆ ఊరి బిడ్డ ఎవరూ ఒడ్డు కనబడుతుండగా మునిగిపోలేదు. ఇప్పుడు ఊళ్ళో బడి ఈడు పిల్లలు ఆరుగురు. మూసిన కనుమ దాటి వాళ్ళు ఏ నీళ్ళలో ఈత నేర్చుకోవాలో ప్రతిపాదన రాసినవాళ్ళు చెప్పలేదు.

హల్‌బేరా ఫోను తీసింది. కొలను కాపలా చూసే ఒడ్నీ ఆమెకు చిన్నప్పటి స్నేహితురాలు. ముప్ఫై ఏళ్ళుగా ఊరి పిల్లలందరినీ నీళ్ళలోకి దింపిన మనిషి.

“నిన్న సాయంత్రం ఐదింటికి ఎక్కడ చచ్చారే మీరంతా?”

“చావడమేంటి? కొలను దగ్గరే ఉన్నాం!” అవతలి గొంతు అప్పటికే మండుతోంది. “పంతొమ్మిది మందిమి. బట్టలు మార్చుకునే గదిలో గోడకి దుప్పటి కట్టి, బడిలోంచి ప్రొజెక్టర్ మోసుకొచ్చి, వణుక్కుంటూ కూర్చున్నాం. మీ అధ్యక్షురాలు ‘కాల్డెయ్‌రి నుంచి ఎవరైనా ఉన్నారా’ అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చేతులెత్తాం. గ్రీముర్ అయితే రెండు చేతులూ ఎత్తాడు. మా మొహం చూసి కూడా చూడనట్టు పోయింది. ఏమనుకుంటోంది ఆవిడ మమ్మల్ని? గొర్రెలనా?”

“ఆగు, ఆగు. ఏ బటన్ నొక్కారు మీరు?”

“అదొక గోల. కొట్లో అంటించిన కాగితం మీద తెరసభ అని ఉంది. మీ పేజీలో తెరసభ అనే బటనే లేదు. ఒకటి దూరసభ, ఇంకోటి ప్రవాహం. దూరసభ అంటే ఎక్కడో రాజధానిలో ఉన్న కౌన్సిలర్లకేమో, మనది తెరమీద కనబడాలి కదా, ప్రవాహం నొక్కండి అన్నాడు గ్రీముర్. నొక్కగానే అందరూ కనబడ్డారు. ఇదే కాబోలు అనుకున్నాం.”

హల్‌బేరా కళ్ళు మూసుకుంది.

“అది చూడ్డానికే, ఒడ్నీ. కిటికీ లాంటిది. మీకు వాళ్ళు కనబడతారు. వాళ్ళకి మీరు కనబడరు, వినబడరు. మాట్లాడాలంటే దూరసభలోకి వెళ్ళాలి. కాగితం మీద తెరసభ అన్నది దాన్నే.”



“అంటే మేం దుప్పటితో మాట్లాడామా?” అంది ఒడ్నీ. “ఇరవై నిమిషాలు?”

“ఆఫీసుకి ఫోన్ చెయ్యాల్సింది కదే.”

“చేశాం! మీ ఫోను మూడింటికే పడుకుంటుందిగా! సభ ఐదింటికి పెట్టి ఫోను మూడింటికి మూసే తెలివి ఎవరిదో కనుక్కో. గ్రీముర్ లేచి నిలబడి, టోపీ తీసి, రాసుకొచ్చిన రెండు పేజీలూ చదివాడు. చప్పట్లు కూడా కొట్టాం. అధ్యక్షురాలు ‘సరే, ఎవరూ లేనట్టుంది’ అని కాఫీ తాగింది.”

హల్‌బేరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాడి బుగ్గలైనా అవతలివాడికి కనబడతాయి. ఇక్కడ ఆ మాత్రం దక్కలేదు. ఊరికి ఊరు చేతులెత్తి నిలబడితే, ఆ ఊరు రానే లేదని రాసుకున్నారు!

ఆమె కోపం ఈ విషయంలో అంత త్వరగా రగలడానికి పాత కారణం ఒకటుంది. పదహారో ఏట మొదలుపెట్టి ముప్ఫై మూడో ఏటి వరకు ఆమె చేపల కర్మాగారంలో కత్తి పట్టింది. వరసగా నిలబడి కాడ్ చేపలు కోసే ఆడవాళ్ళ మధ్య ఆమె నేర్చిన మొదటి పాఠం, ఒక కోతకు ఒకే పేరు. ఎవరైనా సరదాకు కొత్త పేరు పెట్టారా, పెద్దామె కత్తి వెనుకవైపుతో బల్ల మీద కొట్టేది. ఎందుకంటే రెండు పేర్లున్నచోట పక్కమనిషి వేలు తెగుతుంది. కర్మాగారం మూతపడ్డాక హల్‌బేరా రాత్రి బడిలో చదివి, ఈ కార్యాలయంలో ఉత్తరాలు దిద్దే ఉద్యోగం సంపాదించింది. చేతిలోకి కత్తికి బదులు ఆకుపచ్చ సిరా కలం వచ్చింది. పాఠం మాత్రం అదే.

ఆమె నేరుగా పురపాలక మేనేజర్ గదికి వెళ్ళింది. ఎయ్‌స్టెయ్న్‌కు నలభై ఏళ్ళుంటాయి. రాజధాని నుంచి వచ్చి మూడేళ్ళయింది. గిన్నెలో స్కీర్ పెరుగు తింటూ, చెంచాతోనే కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“కాల్డెయ్‌రి వాళ్ళు వచ్చారు. మీరు చూడలేదు, అంతే. సభ మళ్ళీ పెట్టాలి.”

సంగతంతా విని అతడు చెంచా నాకి పక్కన పెట్టాడు. “ప్రకటన పదిహేను రోజుల ముందే ఇచ్చాం, హల్‌బేరా. చట్టం అడిగింది అంతే కదా.”

“ప్రకటనలో ఒక పేరు, పేజీలో ఇంకో పేరు!”

“అన్నీ ఒకటేగా? తెరసభ అన్నా, దూరసభ అన్నా. ఆ మాత్రం తెలీదా జనానికి?”

“ఒకటేనని నీకెలా తెలుసు?”

“ఇక్కడ పనిచేస్తున్నా కాబట్టి.”

“వాళ్ళు ఇక్కడ పనిచెయ్యడం లేదు.”

“చూడు,” అన్నాడతడు ఓపిక తెచ్చుకుని, “మన ప్రకటనే తప్పుదారి పట్టించిందని రుజువైతే కౌన్సిల్ ఆ సభను రద్దు చెయ్యక తప్పదు. ఊరికే వాళ్ళకి అర్థం కాలేదంటే కుదరదు. అర్థం కాకపోవడం వాళ్ళ తప్పు అవుతుంది. తప్పు మనదని చూపించే కాగితం ఉంటే తీసుకురా.”

మొగుణ్ణి కొట్టి మొగసాల కెక్కడమంటే ఇదే. పేర్లు మార్చింది కార్యాలయం, అర్థం కాని నేరం ఊరిది! ఏ దౌర్భాగ్యుడు ఆ కాగితం మీద తెరసభ అని రాశాడో పట్టుకుని, వాణ్ణి ఈ గదిలో ఇదే కుర్చీ ముందు నిలబెడతానని మనసులో శపథం చేసుకుని హల్‌బేరా కింది అంతస్తులోని ఫైళ్ళ గదిలోకి దిగింది.

గురువారం మధ్యాహ్నం దాకా ఆమె పైకి రాలేదు. ఆ శీతకాలంలో కార్యాలయం బయటికి పంపిన ప్రతి ప్రకటననూ తీసి చదివింది. చదివేకొద్దీ ముఖం ఎర్రబడింది. సభ ఒక్కటే, యంత్రం ఒక్కటే, నొక్కవలసిన చోటూ ఒక్కటే. కంప్యూటర్ల విభాగం దాన్ని దూరసభ అంది. బడి వలసభ అంది. గ్రంథాలయం వెలుగుకూటం అని ముద్దుపేరు పెట్టింది. రేవు కార్యాలయం తీగసభ అంది, ఎక్కడా తీగ లేకపోయినా. వృద్ధుల ఆశ్రమం ఎదురుబొదురు గది అంది. మంచు తోలే శాఖ పాపం కవిత్వం చేతకాక కంప్యూటర్ సభ అని ఊరుకుంది. ఏడోది తెరసభ. పేరు నమోదు చేసుకోమనడానికి నాలుగు మాటలు. ఈ-లేఖ అన్న మాటలో ఒక శాఖ గీత పెట్టింది, ఒక శాఖ తీసేసింది; ఒక మహానుభావుడైతే ఒకే పుటలో రెండూ చేశాడు.

ఇది సోమరితనం వల్ల వచ్చిన తప్పు కాదు. అదే ఆమెను మరింత బాధించింది. ఆ దేశపు మనిషికి అరువు మాట పంటికింద రాయి. కొత్త వస్తువు ఓడ దిగిందంటే దానికి సొంత భాషలో పేరు పెట్టనిదే నిద్ర పట్టదు; పక్కవాడు ముందే పెట్టాడని తెలిస్తే అంతకంటే మంచి పేరు పెట్టనిదే అసలే పట్టదు. లింగ్‌విక్‌లో విద్యుత్ పనివాళ్ళకొక మాటల సంఘం, మంత్రసానులకొక సంఘం, గొర్రెల పెంపకందార్లకొక సంఘం. ఏడు శాఖలూ భాష మీద ప్రేమతోనే ఏడు పేర్లు పెట్టాయి. ఏడూ చక్కని పేర్లే. అన్నిటినీ కలిపి వేస్తే ఒక ఊరి నోరు మూతపడింది.

కాల్డెయ్‌రి ప్రకటన ఫైలు అట్టడుగున దొరికింది. లోపల రెండు ప్రతులున్నాయి. కొట్లో అంటించిన అచ్చు ప్రతి పైన ఉంది. దాని కింద గుమాస్తా రాసిన చిత్తు ప్రతి. గుమాస్తా తిన్నగా, ఎవరికైనా తెలిసేటట్టు, పేజీలో బటన్ మీద ఉన్న మాటనే రాశాడు: “దూరసభలో పాల్గొని మాట్లాడవచ్చును.” ఆ దూరసభను ఎవరో అడ్డంగా కొట్టేశారు. పైన అందమైన అక్షరాలతో తెరసభ అని రాశారు. పక్కన పొడి అక్షరాలు, హ. ఇ.

సిరా ఆకుపచ్చ.

హల్‌బేరా మెట్టు మీద కూర్చుండిపోయింది. మహమ్మారి ఏడాదిలో, గ్రంథాలయంలో బుధవారం కూడే మాటల సంఘంలో, తెరసభ అన్న మాటను పుట్టించింది ఆమే. ఆ రోజు కేకు కోశారు. స్థానిక రేడియోలో ఆమె పేరుతో సహా ఆ మాట చదివారు. దేశమంతా దూరసభకు అలవాటు పడిపోయినా, ఆమె కలం మాత్రం ఆ మాట కనబడ్డచోటల్లా ఆగి, తన బిడ్డను ఒడిలోకి తీసుకున్నట్టు తెరసభను కూర్చోబెడుతూ వచ్చింది. చేయి తనంత తానే ఆ పని చేసేది. ఎప్పుడు చేసిందో ఆమెకే గుర్తు లేదు; తన మాట నచ్చి ఇంకెవరో రాసి ఉంటారనే అనుకుంది.

నిన్నటినుంచి లోకంమీద రగిలిన కోపం ఇప్పుడు తనమీదికే తిరిగింది. కర్మాగారంలో అయితే పెద్దామె కత్తి తిప్పి తన వేళ్ళమీదనే కొట్టేది, కొట్టవలసిందే. పదిహేడేళ్ళు ఒక కోతకు ఒకే పేరని బతికి, బల్ల ముందు కుర్చీ దొరకగానే మరచిపోయావా?

ఆ చిత్తు ప్రతిని ఆమె తప్ప ఎవరూ వెతకరు. అది లేకపోతే ఆమెను ఎవరూ ఏమీ అనరు. అది లేకపోతే కాల్డెయ్‌రికి రుజువూ లేదు. హల్‌బేరా దాన్ని సంచిలో పెట్టుకుని, భోజనం మాట మరచి ఇంటికి పోయింది.

శనివారం ఉదయం మంచు తోలే బండి కనుమ ఎక్కింది. దాని వెనుకనే ఆమె కారు ఎక్కింది. ఫోనులో చెప్పదగ్గ మాట కాదది. కాల్డెయ్‌రి చేరేసరికి వేడినీటి తొట్టిలో మెడల దాకా మునిగి ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఉన్ని టోపీల మీద మంచు పేరుకుంటోంది. ఊరి సంగతులన్నీ తేలేది ఆ తొట్టిలోనే. హల్‌బేరా నీళ్ళలోకి దిగగానే గ్రీముర్ మొదలుపెట్టాడు. ఎనభై గొర్రెలూ, ఎనిమిది ఊళ్ళకు సరిపడా నోరూ ఉన్న మనిషి.

“అదిగో, పురపాలక సంఘం వచ్చింది! చేతులెత్తండర్రా, ఈసారైనా కనబడతామేమో!”

ఆరు చేతులు నీళ్ళలోంచి లేచాయి.

“కనబడ్డారు,” అంది హల్‌బేరా. ఆమె నవ్వలేదు.

“ఏదీ, నా ప్రసంగం ఎలా ఉంది? దుప్పటికి తెగ నచ్చింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు.”

“గ్రీముర్, కాసేపు నోరు ముయ్యి.” ఒడ్నీ గట్టు మీద నిలబడి, చేతిలో పొడుగాటి బ్రష్షుతో ఆమెనే చూస్తోంది. “ఆ కాగితం ఎవరు రాశారో తెలిసిందా? పేరు చెప్పు. వాడి చెవులు మెలిపెట్టి ఈ తొట్టిలో ముంచకపోతే నా పేరు ఒడ్నీ కాదు.”

“నేనే.”

ఒడ్నీ గట్టు అంచుదాకా వచ్చి నిలబడింది.

“గుమాస్తా సరిగ్గానే రాశాడు,” అంది హల్‌బేరా. “నేను కొట్టేసి మార్చాను. తెరసభ నా మాట. నాకు ఇష్టం. అందుకని మార్చాను. బటన్ మీద ఏముందో చూడలేదు.”

ఒడ్నీ చేతిలోని బ్రష్షు కింద పెట్టింది. “నీ మాట నీకు ముద్దొచ్చిందని మా నోరు నొక్కేశావా?”

“అవును.”

“నీకు నీళ్ళలో తేలడం నేర్పించింది మా అమ్మ. ఇదే కొలనులో. అది గుర్తుందా?”

“గుర్తుంది.”

“గుర్తుంటే సరిపోయిందా? ఆరుగురు పిల్లలే ఇక్కడ. కొలను పోతే ఆ పిల్లలున్న రెండు ఇళ్ళవాళ్ళూ వచ్చే ఏడు లింగ్‌విక్ వచ్చేస్తారు. పిల్లలు పోతే బడి పోతుంది, బడి పోతే కొట్టు పోతుంది. తర్వాత నువ్వొచ్చి ఎంత మంచి మాట పెడతావే ఈ ఊరికి? శ్మశానానికి కూడా కొత్త పేరు కనిపెట్టావా?”

గ్రీముర్ ఇబ్బందిగా కదిలాడు. “అదేంటి ఒడ్నీ, ప్రవాహం నొక్కమంది నేనే కదా...”

“నీ తప్పు కాదు!” హల్‌బేరా గొంతు ఒక్కసారిగా లేచింది. “రెండు తలుపుల మీదా వేరే పేర్లు రాసిపెట్టి, తప్పు తలుపు తట్టావని ఇంటికొచ్చినవాణ్ణి తిడతారా ఎక్కడైనా? ఆ మాట ఇంకోసారి అనకు. తప్పు మాది. నాది.”

“సరే, నీది,” అంది ఒడ్నీ. “నీ ఏడుపు విని నేనేం చేసుకోను? ఓటు మంగళవారం. ఏం చేస్తావో అది చెప్పు.”

“ఆ చిత్తు ప్రతి నా దగ్గరుంది. సంతకం చేసి కౌన్సిల్ ముందు పెడతాను.”

“ఉద్యోగం ఊడితే?” అన్నాడు గ్రీముర్.

“ఊడితే ఊడుతుంది. చేపలు కొయ్యడం మరిచిపోలేదు.”

ఒడ్నీ బ్రష్షు తీసుకుని గట్టు అవతలి కొసకు వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణానికి ముందు కాఫీ తాగమని కూడా అనలేదు. ఆ ఊళ్ళో అంతకుమించిన శిక్ష లేదు.

సోమవారం ఉదయం ఎయ్‌స్టెయ్న్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి తలుపు మూశాడు.

“హల్‌బేరా, నువ్వు రిటైర్ కావడానికి ఇంకెంత? ఏడేళ్ళా? ఇదెందుకు చెప్పు? నేనొక దారి చెప్తాను. ‘కాల్డెయ్‌రి వైపు సాంకేతిక లోపం వలన’ అని ఒక ముక్క మినిట్స్‌లో చేరుద్దాం. వాళ్ళు వచ్చినట్టూ ఉంటుంది, నీ పేరూ బయటికి రాదు. ఎవరి మొహమూ పోదు.”

వినడానికి మెత్తగానే ఉంది. ఇరవై రెండేళ్ళు పురపాలక నియమాలకు కామాలు పెట్టిన మనిషికి మాత్రం ఆ మెత్తదనం అడుగున ఏముందో తెలుసు.

“పన్నెండో నియమం,” అంది. “‘పాల్గొనువారి వైపు సాధనముల లోపమునకు వారే బాధ్యులు.’ ఆ ముక్క చేరిస్తే సభ మళ్ళీ పెట్టక్కర్లేదు. అవునా, కాదా?”



హల్‌బేరా కళ్ళజోడు తీసి అతడి బల్ల మీద పెట్టింది. “యంత్రం తప్పు చెయ్యలేదు. వాళ్ళ ప్రొజెక్టర్ తప్పు చెయ్యలేదు, దుప్పటి తప్పు చెయ్యలేదు. పంతొమ్మిది మంది వచ్చి కూర్చుంటే రాలేదన్నారు. ఇప్పుడు వచ్చారు గానీ వాళ్ళ తీగ బాగాలేదంటారా? మొహం పోయేది నాది. నీకెందుకు బాధ?”

“నీ మంచికే చెప్తున్నా.”

“నా మంచి నేను చూసుకుంటాను. వాళ్ళ కొలను సంగతి నువ్వు చూడు.”

మంగళవారం కౌన్సిల్ ముందు ఆమె నిలబడి, ఏడు పేర్లూ వరసగా చదివింది. మొదటి మూడింటికి కౌన్సిలర్లు నవ్వారు. నాలుగోదానికి నవ్వు తగ్గింది. ఏడోది చదివి, అది తనదని చెప్పి, ఆకుపచ్చ సిరా కాగితం అధ్యక్షురాలు అర్న్‌ఫ్రీదుర్ చేతికిచ్చింది. అర్న్‌ఫ్రీదుర్ దాన్ని చదివి బల్ల మీద పెట్టింది. “మూడుసార్లు అడిగాను,” అంది మెల్లగా. “కాల్డెయ్‌రి నుంచి ఒక్కరూ లేరంటే ఏదో తేడా ఉందని నాకే అనిపించి ఉండాల్సింది. కాఫీ తాగాను.”

సభ రద్దయింది. రెండు వారాల తర్వాత మళ్ళీ పెట్టాలని నిర్ణయించారు. మర్నాడే హల్‌బేరాకు మందలింపు లేఖ వచ్చింది. “ఆన్‌లైన్ సమావేశము యొక్క నామమును అనధికారముగా మార్చినందుకు” అని ఉంది అందులో. ఎనిమిదో పేరు! పేర్లు మార్చినందుకు మందలిస్తూ ఇంకో పేరు పెట్టారు! ఆమె ఆ లేఖ పట్టుకుని నడవాలో అటూ ఇటూ మూడుసార్లు తిరిగింది. ఆ తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఒకే ఒక పుట రాసింది. మాట్లాడవలసిన చోటు దూరసభ. ఊరికే చూసే చోటు ప్రవాహం. పేరిచ్చే పని నమోదు. ఉత్తరం ఈ-లేఖ, గీతతో, ఎప్పుడూ గీతతోనే. ఇలా ఇరవై మూడు మాటలు. ప్రతి శాఖకూ తానే వెళ్ళి, ప్రతి బల్ల మీదా తన చేత్తోనే అంటించింది. గ్రంథాలయంలో ఎదురు చెప్పారు. “తెరసభ ఎంత అందమైన మాట, దాన్నెలా తీసేస్తావ్?” అని మాటల సంఘంలోని ముసలి విద్యుత్ పనివాడు దాదాపు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. “అందంగా ఉంటే పద్యంలో పెట్టుకో. తలుపు మీద రాయకు,” అంది హల్‌బేరా. ఆ రాత్రి మాత్రం ఆమెకు అన్నం సయించలేదు.

రెండో సభనాడు కొట్లో కాగితం మీద, ఇంటింటికీ వెళ్ళిన ఉత్తరంలో, పేజీలోని బటన్ మీద ఒకే మాట ఉంది. బట్టలు మార్చుకునే గది లింగ్‌విక్ సభామందిరపు గోడమీద ప్రత్యక్షమైంది: ఇరవై ఏడుగురు, కోట్లతో, టోపీలతో. గ్రీముర్ చెయ్యి కెమెరాకు మరీ దగ్గరగా పెట్టడంతో కాసేపు గోడంతా అతడి అరచెయ్యే అయింది.

“కనబడుతున్నామా?” అన్నాడు.

“కనబడుతున్నారు. చెయ్యి దించు,” అంది అర్న్‌ఫ్రీదుర్.

ఒడ్నీ మూడు నిమిషాలు మాట్లాడింది. కాగితం చూడలేదు. ఎవరెవరికి ఏ ఏట ఈత వచ్చిందో చెప్పింది. కౌన్సిల్‌లో కూర్చున్న ఒక పడవ యజమానికి ఏ ఏట వచ్చిందో కూడా చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందట తన పడవ తిరగబడితే ఆ ఈతతోనే ఒడ్డు చేరిన మనిషి అతడు.  ఓటు వచ్చినప్పుడు కొలను తెరిచి ఉంచాలని మొదట ఎత్తిన చెయ్యి అతడిదే. నాలుగుకు మూడు. కొలను శీతకాలమంతా తెరిచి ఉంటుంది, వారానికి నాలుగు రోజులు.

“నాలుగా?” అంది గోడమీది ఒడ్నీ. “మిగతా మూడు రోజులు నీళ్ళు సెలవు పెడతాయా? ఊట ఉబుకుతూనే ఉంటుంది కదమ్మా!”

“వచ్చే ఏడు మళ్ళీ చర్చిద్దాం, ఒడ్నీ.”

“చర్చిద్దాం. వస్తాం. ఇప్పుడు దారి తెలిసింది.”

ఆ వారాంతంలో కనుమ తెరిచి ఉంది. హల్‌బేరా కొలను తలుపు తోసేసరికి ఒడ్నీ టికెట్ల కిటికీ వెనుక కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతోంది. లోపలినుంచి పిల్లల కేకలు వినబడుతున్నాయి. ఒడ్నీ తలెత్తి చూసింది. నవ్వలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఒక తువ్వాలు తీసి ముందుకు తోసింది.

“ముందు సబ్బు రాసుకుని శుభ్రంగా స్నానం చెయ్యి,” అంది, ఊరి పిల్లలందరికీ ముప్ఫై ఏళ్ళుగా చెప్పే గొంతుతోనే. “తల కూడా. కాలి వేళ్ళ సందులు మర్చిపోకు. నేనొచ్చి చూస్తాను.”